చివరి చుట్టు

బోర్డు పాతడానికి గుంత తవ్వింది కూడా అతనే.

"ఇక్కడ గడ్డి కోయరాదు. ఈ చోటు పిట్టలకు, సీతాకోకచిలుకలకు, కప్పలకు వదిలేశాం" అని టీచరమ్మ ఆకుపచ్చ రంగుతో తన చేత్తో రాసిన గుండ్రటి అక్షరాలు. ఆవిడ నాలుగడుగులు వెనక్కి వేసి, తల ఒకసారి ఇటూ ఒకసారి అటూ వంచి చూసి, "కొంచెం కుడివైపుకి... ఆఁ, చాలు" అంది. అతను మట్టి వేసి, కాలితో తొక్కి గట్టిపరిచాడు. తన పొట్ట మీద తానే గుంజ పాతుకుంటున్నానన్న సంగతి అతనికప్పుడు తట్టలేదు. తట్టినా చేసేదేమీ లేదు. తవ్వమంటే తవ్వే మనిషి.

ఆ కాలనీలో అతని పేరు ఎవరికీ తెలియదు. అందరికీ అతను మిషన్. భుజానికి పటకా తగిలించుకుని, పొడుగాటి గొట్టం చివర గిర్రున తిరిగే నైలాన్ తీగతో పార్కులో గడ్డి కోస్తాడు కనుక, యంత్రం పేరే మనిషికి అతుక్కుపోయింది. "మిషన్‌కి టీ ఇచ్చారా?" అని ఎవరైనా కేకేస్తే, కొత్తగా అద్దెకు దిగినవాళ్లు యంత్రం టీ తాగడమేమిటా అని బాల్కనీలోంచి తొంగిచూసేవాళ్లు. అతను ఆ టీ తాగి, గ్లాసు కడిగి, బోర్లించి వెళ్లిపోయేవాడు. ఏమడిగినా "ఊఁ" అనేవాడు. ఉలకడు పలకడు అనే మాట మా బావను చూశాకే పుట్టిందని, గేటు దగ్గర కాపలా ఉండే అతని బావమరిది అందరితోనూ అంటుంటాడు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి వీల్లేదు. అంచు దగ్గర మొదలుపెడతాడు. నిలబడ్డ గడ్డి కుడిచేతి వైపు, కోసిన గడ్డి ఎడమచేతి వైపు. అలా చుట్టూ తిరుగుతూ, ఒక్కో చుట్టుకూ కాస్త లోపలికి జరుగుతూ, చివరికి పార్కు నడిమధ్యకు చేరి ఇంజను ఆపుతాడు. పని నేర్పిన పెద్దాయన అలాగే నేర్పాడు, అతనూ అలాగే చేస్తూ వచ్చాడు. దానికి మరో పద్ధతి ఉండొచ్చని ఎన్నడూ అనుకోలేదు.

వానలు మొదలైన దగ్గర్నుంచి టీచరమ్మ మాట మీద పార్కు వెనక సగాన్ని కోయడం మానేశారు. కొన్నాళ్ల ముచ్చటేలే అనుకున్నాడతను. ఇప్పుడది మోకాలెత్తు పెరిగి, గాలికి అటూ ఇటూ ఒరుగుతోంది.

"చూశావా మిషన్, ఎంత బాగా వచ్చిందో! మనం కోసి కోసి ఈ నేలని చాప చేసేశాం. చాప మీద ఏ పిట్ట గూడు కట్టుకుంటుంది చెప్పు? మందులు కొట్టకూడదు, ఆకులు ఊడ్చెయ్యకూడదు. మనం ఊరుకుంటే చాలు, వాటంతట అవే వస్తాయి" అంది టీచరమ్మ.

"ఏవి వస్తాయమ్మా?"

"అన్నీ" అంది ఆవిడ చేతులు చాపి, బడిలో పిల్లలకు ఆకాశం చూపించినట్టు.

అప్పుడే సెక్రటరీగారు వచ్చాడు. ఆయన తీర్పులన్నీ పామూ చావకుండా కర్రా విరగకుండా ఉంటాయని కాలనీలో పేరు. బోర్డు చదివి, తలూపి, "టీచరమ్మగారూ, ఆదివారం మీటింగులో అందరూ సరే అంటే, ఇక ఇది ఇలాగే ఉంచేద్దాం" అని, మిషన్ వైపు తిరిగాడు. "అయితే ఒక సంగతయ్యా. సగం గడ్డి కోసేది లేదు. ముందు సగమంటావా, ఊడ్చే ఆవిడకి చిన్న కరెంటు మిషన్ కొనిస్తే ఆవిడే తోసేసుకుంటుంది. కోయని గడ్డికి కోసేవాడెందుకు, నువ్వే చెప్పు?"

ఆయన ఎంత న్యాయంగా అడిగాడంటే, మిషన్ "ఊఁ" అనేశాడు. అన్నాక గాని ఆ మాట లోపలికి దిగలేదు.

"అయ్యో, అలా అంటే ఎలా!" అంది టీచరమ్మ. "అతన్ని ఇక్కడే కాపలా పెడదాం. పిల్లలు తొక్కకుండా, కుక్కలు దూరకుండా చూసే మనిషి కావాలి కదా."

"సరే, ఆదివారం దాకా కూర్చోనివ్వండి. తర్వాతి సంగతి మీటింగులో చూద్దాం" అన్నాడు సెక్రటరీగారు.

ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి గడ్డి పక్కన వేశారు. టీచరమ్మ దానిమీద దుమ్ము స్వయంగా తన కొంగుతో తుడిచి, "కూర్చో, ఏం ఫరవాలేదు, ఇది నీ కుర్చీయే" అంది. ఆవిడ మనసులో కల్మషం లేదు. కల్మషం లేనివాళ్లు చేసే అన్యాయానికి తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకరు, అదే దానితో చిక్కు. అతను కుర్చీలో కూర్చున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అతని భార్య వసారాలో బల్ల వేసుకుని కాలనీ వాళ్ల బట్టలు ఇస్త్రీ చేస్తోంది. వార్త అప్పటికే వచ్చి కూర్చుని టీ తాగుతోంది. అంటే ఆవిడ తమ్ముడు.

"బావా, కుర్చీ బాగుందా? దిండు కూడా వేయించమందామా?" అన్నాడు బావమరిది.

మిషన్ కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు.

"వేళాకోళాలకిదా టైము?" అని భార్య తమ్ముణ్ని కసిరింది. కాలరు మీద నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టె అదిమి, ఆవిరిలోంచే భర్తను అడిగింది. "ఆదివారం తర్వాత ఏంటి?"

"తెలీదు."

"ఆయన మొహం మీదే కోసేవాడెందుకని అడిగితే నువ్వేమన్నావు?"

"ఊఁ అన్నాను."

ఆవిడ ఇస్త్రీపెట్టెను ఠక్కున నిలబెట్టింది. "విన్నావురా? ఊఁ అన్నాడట! ఉరిశిక్ష వేస్తున్నాం, సమ్మతమేనా అని అడిగినా ఊఁ అనే వస్తాడు ఈయన."

"అక్కా, నువ్వాగు" అని బావమరిది గ్లాసు కింద పెట్టి దగ్గరికి జరిగాడు. "బావా, వాళ్లకి చెలగాటం, మనకి ప్రాణసంకటం. పిట్టలంటే ఆ కాలనీలో అందరికీ ముద్దే. కప్పలంటే సగం మందికి ముద్దు. కానీ ఒక్క మాట ఉంది. ఆ మాట వింటే పెద్ద డాక్టరుగారైనా మంచమెక్కి కూర్చుంటాడు. ఏంటో చెప్పు?"

అతను కాళ్ల తడి తుడుచుకుంటున్నాడు.

"పాము" అన్నాడు బావమరిది. "మీటింగులో లేచి నిలబడి, గడ్డిలో పాము కనబడిందండీ అను. తెల్లారేసరికి వాళ్లే నీ చేతికి మిషన్ ఇచ్చి, కోసెయ్యి కోసెయ్యి అని కాళ్లావేళ్లా పడతారు. ఇంకెప్పుడూ ఆ బోర్డు జోలికి పోరు."

"కనబడలేదు కదరా" అన్నాడతను.

"కనబడితే నేనెందుకు చెప్పడం?"

భార్య మడత పెడుతున్న చొక్కా మీదే చూపు ఉంచి, "అబద్ధమాడినా గోడ కట్టినట్టుండాలి. ఈయన ఆడితే గోడ ఈయన మీదే పడుతుంది" అంది. కానీ వద్దని మాత్రం అనలేదు. వద్దనకపోవడం అతను గమనించాడు.

మర్నాటి నుంచి అతను కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోవడం ఇంత కష్టమని అతనికి తెలియదు. పొద్దున్నే అలవాటుగా షెడ్డు తలుపు తీసి, మిషన్‌ను బయట పెట్టి, గుడ్డతో తుడిచి, మళ్లీ లోపల పెట్టి తాళం వేసేవాడు. తర్వాత చేయడానికి ఏమీ ఉండేది కాదు. బాల్కనీల్లోంచి చూసేవాళ్లు "ఏం మిషన్, హాయిగా ఉందా?" అనేవాళ్లు. వాళ్లు ఎగతాళికే అన్నారో, ఊరికే అన్నారో కనిపెట్టే ఓపిక కూడా అతనికి లేదు. "ఊఁ" అనేవాడు. సిగ్గూ కోపమూ రావాల్సిన చోట ఏదో బరువు, తడిసిన గోనెసంచి లాంటిది, కూర్చుని ఉండేది.

ఒక మార్పు మాత్రం వచ్చింది. ఇన్నేళ్లుగా ఇంజను అదురుకు అతని వేళ్లు ఎప్పుడూ తిమ్మిరెక్కి ఉండేవి. రాత్రి అన్నం కలుపుకుంటే వేడిగా ఉందో చల్లగా ఉందో తెలిసేది కాదు. మూడు నాలుగు పూటలు ఖాళీగా ఉండేసరికి వేళ్ల చివర్లలో చిమచిమ మొదలైంది. చొక్కా గుండీ చేతికి గుండీలాగే తగిలింది. అదేం సంతోషమనిపించలేదు. పని లేకపోతే గాని తగ్గని రోగం తగ్గి ఏం లాభం?

టీచరమ్మ రోజూ రెండు పూటలా వచ్చేది. ఎండుకొమ్మలు తెచ్చి ఒక మూల కుప్ప వేసింది. పిట్టలకని మట్టి మూకుడులో నీళ్లు పెట్టింది. "ఏమైనా వచ్చాయా?" అని అడిగేది, చుట్టాల కోసం స్టేషనుకు వెళ్లినదానిలా.

"పురుగులొచ్చాయమ్మా."

"పురుగులొస్తే పిట్టలొస్తాయి. ఓపిక పట్టాలి."

ఒకనాడు బూడిదరంగు పిట్టొకటి వచ్చి, మూకుడు అంచు మీద వాలి, అతని వంక చూసి, నీళ్లు తాగకుండానే ఎగిరిపోయింది. ఇంకోనాడు గడ్డిలో ఏదో కిచకిచలాడింది. అతను వినీ విననట్టు ఊరుకున్నాడు. పిల్లలు బంతి కోసం గడ్డిలోకి పరిగెత్తబోతే "అటు పోకూడదు" అన్నాడు. అతని గొంతు అంత గట్టిగా వినడం పిల్లలకూ కొత్తే, అతనికీ కొత్తే.

సాయంత్రం ఇంటికి వెళ్తుంటే గేటు దగ్గర బావమరిది ఏమీ మాట్లాడకుండా, మోచేతిని వంచి, అరచేతిని పడగలా విప్పి చూపించేవాడు. అతను తల దించుకుని వెళ్లిపోయేవాడు.

ఆదివారం మీటింగు కింద పార్కింగులో జరిగింది. కార్ల మధ్య కుర్చీలు వేశారు. మిషన్ ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. బావమరిది గేటు వదిలేసి వచ్చి, అతని వెనకే నిలబడ్డాడు.

లిఫ్టు సంగతి అయింది, నీళ్ల ట్యాంకు సంగతి అయింది. గడ్డి దగ్గరికి వచ్చేసరికి మూడో అంతస్తు బట్టతలాయన దోమలన్నాడు. టీచరమ్మ లేచి, కప్పలుంటే దోమల్ని తినేస్తాయంది. ఎవరో కప్పలు అరుస్తాయన్నారు. అరవనివ్వండి, మీ టీవీ కంటే నయమే అని ఇంకెవరో అన్నారు. అందరూ నవ్వారు. నవ్వుల్లో పడి గడ్డి నెగ్గేటట్టే ఉంది. సెక్రటరీగారు గొంతు సవరించుకుని, "అయితే అందరికీ సమ్మతమేనన్నమాట. ఇక మిషన్ సంగతి..." అంటూ అతని కోసం చూశాడు. "ఏమయ్యా, నువ్వు రోజూ అక్కడే కూర్చున్నావు కదా. ఏదైనా ఇబ్బంది ఉందా? కనబడిందా ఏమైనా?"

బావమరిది వేలు అతని వీపులో గుచ్చుకుంది.

"కనబడింది" అన్నాడతను.

"ఏం కనబడింది?"

"పామండి."

ఎవరో ఆడమనిషి కాళ్లు పైకి తీసుకుని కుర్చీలో ముడుచుకుంది. "ఎంతుంది? ఎంతుంది?" అని నాలుగువైపుల నుంచీ అడిగారు. అతను చేతులు చాపి చూపించాడు. చాలదేమోననిపించి ఇంకొంచెం చాపాడు.

"మా బావ అబద్ధం చెప్పే మనిషి కాదండి. అసలు మాటే చెప్పడు" అన్నాడు బావమరిది వెనక నుంచి.

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆ గోలలో టీచరమ్మ కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుని అతని దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాడు. ఆవిడ కళ్లు వెలిగిపోతున్నాయి.

"నిజంగానా? నిజంగా వచ్చిందా?" అంది రహస్యం అడిగినట్టు. "పాము వచ్చిందంటే ఎలకలున్నట్టు, కప్పలున్నట్టు, అన్నీ ఉన్నట్టే మిషన్! ఇంత తొందరగా వస్తుందనుకోలేదు. ఏ రంగు? ఎటువైపు నుంచి వచ్చింది?"

ఇన్నేళ్లలో అతను చెప్పిన మాటకు ఎవరూ ఇంత సంతోషించి ఉండరు.

"గడ్డి రంగేనమ్మా" అన్నాడు చివరికి.

"పసిరికపామై ఉంటుంది. పాపం, దానికి మనిషిని చంపేంత విషం కూడా ఉండదు" అని ఆవిడ అందరి వైపూ తిరిగి చెప్పబోయింది. ఎవరూ వినే స్థితిలో లేరు. సెక్రటరీగారి పాత సామెత ఈసారి పనికిరాలేదు. నిజం పామే వచ్చి పడేసరికి ఆయన కర్ర వైపే మొగ్గాడు. "రేపు పొద్దున్నే మొత్తం కోసెయ్యాలి. మిషన్, నువ్వే కొయ్యాలి. ఇక నెలకు నాలుగుసార్లూ కొయ్యాల్సిందే. బోర్డు పీకెయ్" అన్నాడు.

బావమరిది అతని భుజం తట్టాడు. పని నిలబడింది. అతను ఇంటికి వెళ్లి, అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. సంతోషం ఎప్పుడొస్తుందా అని కాసేపు చూశాడు. రాలేదు.

పొద్దున్న పెట్రోల్లో ఇంజనాయిలు కలిపి ట్యాంకులో పోశాడు. చక్రానికి కొత్త నైలాన్ తీగ చుట్టాడు. మొహానికి జాలీ ముసుగు దించుకుని, తాడు లాగితే ఇంజను రెండో లాగుకే అందుకుంది.

కాలనీ అంతా బయటే ఉంది. ఆడవాళ్లూ పిల్లలూ బాల్కనీల్లో, మగవాళ్లు గడ్డి చుట్టూ. ఒకాయన చేతిలో బూజుకర్ర, ఒకాయన చేతిలో పరదా రాడ్డు. బట్టతలాయన ఎక్కణ్నుంచో గునపమే తెచ్చాడు. సెక్రటరీగారు ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని, నేల తుడిచే కర్ర పట్టుకుని నిలబడ్డాడు. గడ్డికి మూడు వైపులా మనుషులు, నాలుగో వైపు ప్రహరీ గోడ వారగా దట్టమైన మొక్కల కంచె. అక్కడ బట్టతలాయనా, ఇంకొకాయనా నిలబడ్డారు. టీచరమ్మ తన గుమ్మంలో కూర్చుంది. ఇటు చూడటం లేదు.

అతను అంచు దగ్గర మొదలుపెట్టాడు. నిలబడ్డ గడ్డి కుడివైపు, కోసిన గడ్డి ఎడమవైపు. మోకాలెత్తు గడ్డి కనుక ఎప్పట్లా నలిగి దుమ్ములా లేచిపోవడం లేదు, దుప్పటి పరిచినట్టు ఒత్తుగా పడుతోంది. మొదటి చుట్టులో మిడతలు లేచాయి. ఎగిరి ఎగిరి లోపలికే పడుతున్నాయి. రెండో చుట్టులో కప్పలు, అవీ లోపలికే. ఒక చిట్టెలుక అతని బూటు ముందు నుంచి బయటికి రాబోయి, కోసేసిన నేల మీద వెలుతురూ మనుషులూ కనబడగానే, వెనక్కి తిరిగి నిలబడ్డ గడ్డిలో దూరింది.

ఇంకో చుట్టు తిరిగాడు. అప్పుడు తెలిసింది అతనికి. ప్రాణమున్నది ఏదైనా మరుగున్న వైపే పరిగెత్తుతుంది. మరుగు మధ్యలో ఉంది. మధ్యకే అతను చుట్టు బిగిస్తూ వస్తున్నాడు. గడ్డి పొట్టిగా ఉన్నన్నాళ్లూ అందులో ఏమీ ఉండేది కాదు కనుక ఈ సంగతి కనబడలేదు. ఇప్పుడు గది అంత మిగిలింది గడ్డి. గాలి లేదు, అయినా అది లోపల్నుంచి ఒణుకుతోంది.

చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. గది అంతది నవారు మంచమంత అయింది. కర్రలవాళ్లు ఒక్కో అడుగూ దగ్గరికి జరుగుతున్నారు. గడ్డి మొదట్లో మట్టిరంగు పూరేడు పిట్టొకటి, రెక్కల కింద పిల్లల్ని దాచుకుని, నేలకు అతుక్కుపోయి ఉంది. తానొక్కతే అయితే ఎగిరిపోయేదే. ఎగరలేదు.

దాని పక్కనే పాము.

పచ్చగా, సన్నగా, గడ్డిపోచల మధ్య ఇంకో గడ్డిపోచలా ఉంది. తల కొంచెం ఎత్తి, అటూ ఇటూ కాకుండా ఊరికే నిలిపి ఉంచింది. అతను మీటింగులో చాపి చూపించిన అబద్ధంలో సగం కూడా లేదు దాని పొడుగు.

ఇంజను మోగుతూనే ఉంది. చెయ్యెత్తి అదిగో అంటే చాలు. అతను నిజమే చెప్పినట్టవుతుంది. ఈ గడ్డిని ఇంకెవరూ, ఎన్నటికీ పెరగనివ్వరు. పని ఒంట్లో ఓపికున్నంత కాలం ఉంటుంది. ఇవన్నీ అతనికి స్పష్టంగా తెలుసు. తెలిసీ చెయ్యి లేవలేదు. సిగ్గేసింది. ఆ మీటింగులో రానిదీ, రాత్రి రానిదీ, ఆ పచ్చటి సన్నటి తల చూసేసరికి ఒళ్లంతా సిగ్గేసింది.

ఇంజను జోరు తగ్గించి, ముసుగు ఎత్తాడు. "సార్, కంచె వైపు ఎవరూ నిలబడకండి. అక్కడ కంకర ఉంది. తీగకి రాయి తగిలితే ఎగిరొచ్చి కళ్లు పోతాయి" అన్నాడు.

రాయి మాట కాలనీలో అందరికీ అనుభవమే. బట్టతలాయన కారు అద్దం ఒకసారి అలాగే పగిలింది. అందరికంటే ముందు ఆయనే గునపం చంకన పెట్టుకుని ఇవతలికి వచ్చాడు. రెండో ఆయనా వచ్చాడు. కంచె వైపు ఖాళీ అయింది.

అతను చుట్టు తిరగడం ఆపేశాడు. అడ్డుగా పడిన గడ్డిని తీస్తున్నట్టు బూటుతో తోస్తూ, కంచె దాకా గట్టులా పరిచాడు. తర్వాత ఇవతలి పక్కకు వచ్చి, మనుషులకు వీపు పెట్టి, కంచె వైపుగా ఒక్కో వరుసే కోయసాగాడు. ఎప్పుడూ అంత నిదానంగా కోసి ఎరగడు. తీగను నేలకు జానెడు ఎత్తులో ఉంచాడు.

ముందు పూరేడు లేచింది. పిల్లల్ని వెంటేసుకుని కోసిన గడ్డి మీదుగా పరుగు లంకించుకుంది. "అమ్మా, కోడిపిల్లలు! కోడిపిల్లలు!" అని పైనుంచి పిల్లలు కేకలు పెట్టారు. కిందివాళ్లంతా అటే చూశారు. టీచరమ్మ గుమ్మంలోంచి లేచి నిలబడింది. కప్పలు ఒకదాని వెనక ఒకటి గెంతాయి. పాము పోవడం అతనొక్కడే చూశాడు. పరిచిన గడ్డి కింద సన్నటి అల లేచింది, కొంత దూరం పోయింది, కంచెకు ఇంకా నాలుగడుగులుందనగా ఆగిపోయింది. భయానికి ఆగిందో, దారి తప్పిందో.

అతను చివరి గుప్పెడు గడ్డి కోసి, ఇంజను ఆపాడు. నేల బోడిగా కనబడింది.

"పామేదయ్యా?" అన్నాడు సెక్రటరీగారు.



"కోసిన గడ్డిలో దూరి ఉంటుంది" అన్నాడు బట్టతలాయన. "తలా ఒక పక్క నుంచి తిరగేద్దాం పట్టండి. ఎక్కడికి పోతుంది!"

బూజుకర్రా, పరదా రాడ్డూ గడ్డి మీదికి వంగాయి. గునపం మొన గట్టు మొదట్లో దిగింది. అల ఆగిన చోటికి అది ఎంతో దూరం లేదు.

"లేదండి" అన్నాడు మిషన్.

"ఏంటి లేదు?"

"పాము లేదు. నేను చూడలేదు. పని పోతుందని అబద్ధం చెప్పాను."

గేటు దగ్గర బావమరిది రెండు చేతులతో తల పట్టుకున్నాడు. వంగిన కర్రలు వంగినట్టే ఆగి, మెల్లిగా వెనక్కి వచ్చాయి. ఒకరు నవ్వారు. ఒకరు థూ అన్నారు. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ నిలబడ్డానని ఒకాయన గొణిగాడు. పాము లేదన్న సంతోషం కంటే, పాము కోసం భయపడ్డామన్న ఉక్రోషమే ఎక్కువగా ఉంది అందరి మొహాల్లో.

టీచరమ్మ దగ్గరికి వచ్చింది. "నిజంగానే లేదా?" అంది నెమ్మదిగా.

గునపం ఇంకా గట్టులోనే దిగబడి ఉంది. బట్టతలాయన దాని మీద చెయ్యి ఆనించి వింటున్నాడు.

"లేదమ్మా."

"ఏ రంగని అడిగితే కూడా చెప్పావే."

అతను తల దించుకున్నాడు. ఆవిడ కోప్పడలేదు. ఆశపడ్డ చిన్నపిల్లలా ఆవిడ మొహం చిన్నబోయింది. "నేనేదో నిన్ను మంచి మనిషివనుకున్నాను" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ మాటకు బదులు అతని దగ్గర ఉంది. చెప్పడానికి వీల్లేని చోట ఉంది.

సెక్రటరీగారికి ఇప్పుడు తీర్పు తేలికైపోయింది. పాము లేదు కనుక గడ్డి మళ్లీ పెరగనిద్దాం, బోర్డు మళ్లీ పాతిద్దాం అన్నాడు. పార్కు అంతా కలయజూసి, "షెడ్డు తాళం ఇచ్చెయ్యి. రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు.

"కోసిన గడ్డి ఎత్తనా సార్?"

"ఏమీ ఎత్తొద్దు. పడుండనీ. నువ్వు కదులు ముందు."

అతను మిషన్‌ను తుడిచి షెడ్డులో పెట్టాడు. మిగిలిన పెట్రోలు డబ్బాలోకి వంచాడు. తాళంచెవి సెక్రటరీగారి చేతిలో పెట్టేసరికి పార్కులో ఎవరూ లేరు. గట్టులా పరిచిన గడ్డి మాత్రం కంచె దాకా అలాగే ఉంది. అతను కాసేపు నిలబడి చూసి, గేటు దాటాడు. బావమరిది మొహం తిప్పుకున్నాడు.

ఇంటి దగ్గర భార్య ఇస్త్రీ చేస్తోంది. సంగతి అతని కంటే ముందే ఇల్లు చేరింది. ఆవిడ తలెత్తలేదు. ఒక చొక్కా అయింది, ఇంకో చొక్కా అయింది. అతను అరుగు మీద కూర్చుని, బూట్లు విప్పి, అడుగున అంటుకున్న పచ్చిగడ్డి తీసేసుకుంటున్నాడు.

"అంతమందిలో అబద్ధం చెప్పానని నువ్వే ఒప్పుకున్నావట" అంది చివరికి.

"ఊఁ."

"లేదు లేదని నీ అంతట నువ్వే ఎందుకన్నావు? వెతికి వెతికి వాళ్లే పోయేవాళ్లు కదా. పారిపోయిందంటే సరిపోయేది కదా. పోనీ ఒక మాట చెప్పు. అసలక్కడ ఏమైనా ఉందా, లేదా?"

"ఉంది."

ఇస్త్రీపెట్టె ఆగింది. "ఏం ఉంది?"

"పాము."

"నువ్వు చూశావా?"

"చూశాను. చిన్నది. పచ్చగా ఉంది."

ఆవిడ గొంతు పెద్దదైంది. "లేనప్పుడు ఉందన్నావు. కళ్లెదురుగా ఉంటే లేదన్నావు. పని పోగొట్టుకున్నావు, మాట పోగొట్టుకున్నావు. ఉన్నదాన్ని ఉందనడానికి నీకేం అడ్డొచ్చిందయ్యా?"

అతను చేతిలో బూటు కింద పెట్టాడు. ఊఁ అంటాడనుకుంది ఆవిడ. అనలేదు.

"చుట్టూ కర్రలే ఉన్నాయే" అన్నాడు.

చొక్కా కాలిన వాసన వచ్చింది. ఆవిడ గబుక్కున ఇస్త్రీపెట్టె ఎత్తి నిలబెట్టి, ప్లగ్గు పీకేసింది. కాలిన చోటు చూసుకోలేదు. వచ్చి అతని పక్కన అరుగు మీద కూర్చుంది.